ఇంజను గణకయంత్రం: నేర్చుకొనేవారికి తొలి పాఠాలు

మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా క్రిష్ణగిరికి పోయే రోడ్డు 42వ నంబరు జాతీయ రహదారి. ఒకప్పుడు ఈ రోడ్డుమీద తిరిగిన పెట్రోలు కార్లన్నిటికీ కార్బురేటరు ఉండేది. ఇంజను సరిగా పలకకపోతే మెకానిక్కు కార్బురేటరుమీది మరను కాస్త అటో ఇటో తిప్పి, చెవితో విని, సరిచేసి పంపేవాడు. నేటి కార్లలో ఆ మర లేదు. దాని పనిని చిన్న డబ్బీలో అమర్చిన గణకయంత్రం చేస్తున్నది. దీనిని ఇ.సి.యు. అంటారు. మర తిప్పడానికి బదులు ఇప్పుడు అంకెలు మార్చాలి. లాప్‌టాప్, తగిన తీగ ఉంటే అంకెలు మార్చడం తేలికే. ఏ అంకెను ఎందుకు మార్చాలో తెలియడమే కష్టం.

ఈ ఏర్పాటు ఒక్కసారిగా రాలేదు. 1967లో బాష్ కంపెనీ విద్యుత్ పద్ధతిలో పెట్రోలు చిమ్మే సాధనాన్ని వోక్స్‌వాగన్ కార్లకు అమర్చింది. పొగలోని ఆక్సిజన్‌ను కనిపెట్టే సాధనం 1976లో వోల్వో కారులో వచ్చింది. మనదేశంలో 2020 ఏప్రిల్ 1నుండి భారత్ స్టేజ్ 6 నియమాలు అమలులోకి రావడంతో కొత్త మోటారు సైకిళ్లలో కూడా కార్బురేటరు దాదాపు అంతరించింది. టమాటా మార్కెట్టునుండి బయలుదేరే లారీలవి డీజిలు ఇంజనులు. వాటికి నిప్పురవ్వ అక్కరలేదు. వాటి సంగతి వేరు.

గణకయంత్రం తనంతట తాను ఆలోచించదు. దానిలో ఎక్కాల పుస్తకంవంటి పట్టికలు ఉంటాయి. పట్టికలో నిలువుగా ఇంజనులోకి పోయే గాలి పీడనం, అడ్డంగా ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు. రెండూ కలిసే గడిలో ఒక అంకె. ఇంధనానికి ఒక పట్టిక, నిప్పురవ్వకు మరొకటి. కొలతలు చెప్పే సాధనాలు పీడనం, ఉష్ణోగ్రత, చుట్లు తెలుపుతాయి. యంత్రం గడిని వెదకి, లెక్క కట్టి, ఆజ్ఞ ఇస్తుంది.

ఆ లెక్క హైస్కూలు విద్యార్థికి కొత్తది కాదు. 1200 ఘన సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనును తీసుకోండి. ఒక్కొక్క సిలిండరు 300 ఘన సెంటీమీటర్లు. అది నూటికి 80 పాళ్లు నిండితే 240 ఘన సెంటీమీటర్ల గాలి లోపలికి వస్తుంది. సముద్రతీరాన, 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, దాని బరువు సుమారు 0.28 గ్రాము. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 పాళ్ల గాలి కావాలి. భాగిస్తే 19 మిల్లీగ్రాముల పెట్రోలు వస్తుంది. చిమ్మే గొట్టం మిల్లీసెకనుకు 2.5 మిల్లీగ్రాములు విడిచేదైతే అది 7.6 మిల్లీసెకనులు తెరచి ఉండాలి. గొట్టం తెరుచుకోవడానికే దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. బాటరీ బలహీనమైతే ఇంకా ఆలస్యం. ఆ కాలాన్ని కూడా యంత్రం కలుపుకోవాలి.

ఇదే కారును మదనపల్లెకు తెచ్చారనుకోండి. ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. తీరాన 101 కిలోపాస్కళ్లు ఉండే గాలి పీడనం ఇక్కడ సుమారు 93. అదే వేడికి గాలి బరువు నూటికి 8 పాళ్లు తగ్గుతుంది. పెట్రోలు 17.5 మిల్లీగ్రాములు చాలు, కాలం 7 మిల్లీసెకనులు. దగ్గరలోని హార్స్‌లీ కొండ ఎక్కితే, 1,265 మీటర్ల ఎత్తున, పీడనం 87కు దిగి కాలం 6.5 మిల్లీసెకనులే అవుతుంది. పీడనాన్ని కొలిచే సాధనం లేకపోతే ఇంజను అవసరానికి మించి పెట్రోలు తాగి నల్లని పొగ వదలుతుంది.

ఇక్కడ ఒక వింత ఉన్నది. 2023నుండి మనదేశంలో నూటికి 20 పాళ్లు ఎథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఎథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉన్నది కనుక దానికి 9 పాళ్ల గాలి చాలు. మిశ్రమానికి సుమారు 13.5 పాళ్లు. అంటే అదే గాలికి ఇంధనం నూటికి 9 పాళ్లు ఎక్కువ చిమ్మాలి. తీరాన వట్టి పెట్రోలుకు కట్టిన లెక్కలో మదనపల్లె ఎత్తు 8 పాళ్లు తగ్గిస్తే, ఎథనాల్ 9 పాళ్లు పెంచుతుంది! రెండు మార్పులు ఒకదానినొకటి కప్పివేస్తాయి. ఇంజను బాగా నడుస్తున్నంతమాత్రాన అంకెలు సరిగా ఉన్నట్లు కాదని దీనివల్ల తెలుస్తుంది.

అందుచేత నేర్చుకొనేవాడు మొట్టమొదట ఏమీ మార్చకూడదు, చదవాలి. స్టీరింగు కింద ఉండే సాకెట్టుకు చౌకలో దొరికే చిన్న సాధనాన్ని తగిలిస్తే యంత్రం తెలుసుకొనే విలువలన్నీ ఫోనులో కనిపిస్తాయి. తాళంచెవి తిప్పి, ఇంజను స్టార్టు చేయకముందు, గాలిగొట్టంలోని పీడనాన్ని చూడండి. ఇంజను పీల్చడం లేదు కనుక అది వాతావరణ పీడనమే. మదనపల్లెలో ఒకసారి, హార్స్‌లీ కొండమీద ఒకసారి రాసుకుంటే భారమితి పాఠం కారులోనే జరుగుతుంది. తరువాత ఆక్సిజన్ సాధనాన్ని చూడాలి. దాని వోల్టేజి 0.45కు పైన ఉంటే ఇంధనం ఎక్కువ, కింద ఉంటే తక్కువ. యంత్రం దీనిని చూచి తన లెక్కను తానే నూటికి ఇన్ని పాళ్లని దిద్దుకుంటుంది. ఆ దిద్దుబాటు అంకె ఎప్పుడూ ఒకేవైపు ఎక్కువగా ఉంటే పట్టికలోనో, సాధనాలలోనో లోపమున్నదని అర్థం. చాలాసార్లు లోపం పట్టికది కాదు. మురికి పట్టిన గాలి వడపోతనో, చిల్లిపడిన రబ్బరు గొట్టాన్నో వదలి అంకెలమీద పడేవారు ఎందరో ఉన్నారు.

మార్చడం నేర్చుకోవలసింది పాత ఇంజనుమీద. మెగాస్క్విర్ట్, స్పీడుయినో వంటివి స్వయంగా అమర్చుకొనేవారికోసం వచ్చిన గణకయంత్రాలు. స్పీడుయినో ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, ఏ లెక్క ఎక్కడ జరుగుతున్నదో చూడవచ్చు. ఇంధన పట్టికతో మొదలుపెట్టి, ఒకసారికి ఒక్క గడినే మార్చి, ఫలితం రాసుకోవాలి. నిప్పురవ్వ పట్టిక చివరిది.

దానికి కారణమున్నది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజనులో మిల్లీసెకనుకు 18 డిగ్రీలు గడచిపోతాయి. మంట వ్యాపించడానికి కొంత కాలం పడుతుంది కనుక పిస్టన్ పైకొసకు చేరకముందే రవ్వ వేయాలి. కొంచెం ముందు వేస్తే బలం పెరుగుతుంది. మరీ ముందు వేస్తే మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకొని ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. మెకానిక్కులు దీనిని నాకింగ్ అంటారు. బరువుమీద అది కొనసాగితే పిస్టన్ తల కరిగిపోవచ్చు. ఇప్పటి కార్లలో నాకింగును పసిగట్టి రవ్వను వెనక్కు జరిపే సాధనం ఉన్నది, కాని దాని శక్తికీ ఒక హద్దు ఉన్నది.

పీఠభూమిలో నేర్చుకొనేవానికి ఇక్కడే పెద్ద గోతి. టర్బో లేని ఇంజను తన చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని మించి పీల్చలేదు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో యాక్సిలరేటరు అడుగుదాకా తొక్కినా పీడనం 93 దాటదు. పట్టికలో 90కి ఒక వరుస, 100కు ఒక వరుస ఉన్నాయనుకుందాం. 93 వద్ద యంత్రం 90 వరుసనుండి పదింట ఏడుపాళ్లు, 100 వరుసనుండి మూడుపాళ్లు తీసుకొని కలుపుతుంది. 90 వరుసలో 26 డిగ్రీలు, 100 వరుసలో 24 డిగ్రీలు సరైనవి. ఒకడు 100 వరుసలో 28 వేశాడు. తప్పు 4 డిగ్రీలు. మదనపల్లెలో అది 1.2 డిగ్రీలుగా మాత్రమే తేలుతుంది. ఇంజను చక్కగా లాగుతుంది, మెకానిక్కుకు పేరు వస్తుంది. ఆ టాక్సీ నలుగురు మనుషులతో, పెట్టెలతో మొగిలి ఘాటు దిగి చిత్తూరు మీదుగా మద్రాసు తీరానికి చేరుతుంది. అక్కడ పీడనం 101. ఎన్నడూ పరీక్షించని ఆ వరుస మొట్టమొదటిసారి పూర్తిగా పనిలోకి వస్తుంది. నాలుగు డిగ్రీల తప్పు మొత్తం ఆ రోడ్డుమీద బయటపడుతుంది. వేడికి నాకింగు ఇంకా పెరుగుతుంది, తీరంలో వేడి సహజంగానే ఎక్కువ. టాక్సీ నడిపేవానికి ఆ ఇంజనే జీవనాధారం.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నమయ్యే మార్పులను వాహనానికి చేయకూడదు. పొగ పరీక్షలో తప్పిన బండిని రోడ్డుమీద నడపకూడదు.

కనుక అంకె మార్చకముందే పాత పట్టిక మొత్తాన్ని వేరుగా దాచుకోవాలి. ఒకరు నడుపుతుంటే మరొకరు పక్కన కూర్చుని చూస్తూ, ఏ గడులలో ఇంజను నిజంగా తిరిగిందో గుర్తు పెట్టుకోవాలి. తిరగని గడులలో తయారీదారు వేసిన అంకెలను అట్లాగే ఉంచాలి. 100 వరుసను ముట్టదలచినవాడు కారు తీసుకొని కొండ దిగాలి. చిత్తూరు వద్ద పీడనం సుమారు 98, అక్కడికీ చాలదు. తీరందాకా పోయి, బరువుతో, మధ్యాహ్నపు ఎండలో పరీక్షించి రావాలి.