లారీపై పట్టా కప్పేదెవరు? చక్రం కదలకముందే మొదలయ్యే ప్రమాదం

జాతీయ రహదారిపై సాగే సరుకు లారీని చూడగానే కంటికి ఆనేది టార్పాలిన్ పట్టా, దానిపై బిగిసి ఉన్న మోకులు. ఆ పట్టాను అంత ఎత్తుకు ఎవరు చేర్చారు, ఎలా కప్పారు అన్న ప్రశ్న మాత్రం అరుదుగానే తలెత్తుతుంది. సరుకు ఎక్కించే హమాలీలకు ఒప్పుకున్న కూలీ ఉంటుంది. బండి నడిపే డ్రైవరుకు జీతమో, బత్తానో ఉంటుంది. ఈ రెండింటి నడుమ సరుకును కదలకుండా కట్టి, తడవకుండా కప్పే పని ఒకటి మిగిలిపోతుంది. కొన్ని చోట్ల హమాలీలు విడిగా కూలీ తీసుకొని ఆ పని చేస్తారు. చాలా చోట్ల అది డ్రైవరు వంతే. క్లీనరు తోడుంటే ఇద్దరు, లేకుంటే ఒక్కడే.

గుంటూరు మిర్చి యార్డును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఫిబ్రవరి నుంచి మే వరకు ఇక్కడి నుంచి మిర్చి లారీలు దేశం నలుమూలలకు బయలుదేరుతాయి. ఎండుమిర్చి తేలికైన సరుకు, కాని చోటు ఎక్కువగా ఆక్రమిస్తుంది. అందువల్ల అనుమతించిన బరువు నిండకముందే లారీ తొట్టి నిండుతుంది, టిక్కీల వరుసలు పైకి లేస్తాయి. పైవరుసపై నిలబడిన మనిషి పాదాలు నేలకు పన్నెండు అడుగుల ఎత్తులో ఉంటాయి. పట్టుకోవడానికి కమ్మీ ఉండదు, నిలబడడానికి చదునైన చోటు ఉండదు. గోనె కింద కాయలు నలిగి అడుగు కూరుకుపోతుంది. వేసవి ఎండకు చెమట పడితే మిర్చి ఘాటు చర్మాన్ని మండిస్తుంది, కళ్లు తుడుచుకునే వీలు కూడా ఉండదు.

పట్టా బరువును లెక్క వేస్తే ఈ పని తీరు కొంత తెలుస్తుంది. చదరపు మీటరుకు అరకిలో తూగే మందపాటి కాన్వాస్ గుడ్డతో పది మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పున పట్టా కుట్టిస్తే 35 కిలోలవుతుంది. వాన నీరు పీల్చుకుంటే ఇంకా పెరుగుతుంది. దానిని భుజాన వేసుకొని తొట్టి పక్క కమ్మీలు పట్టుకొని ఎక్కాలి, లేదా మోకు కట్టి పైకి లాగాలి. ప్లాస్టిక్ పట్టాలు తేలికే. అయితే అవి ఎండకు త్వరగా పెళుసెక్కుతాయి, సరుకు అంచుల దగ్గర చిరుగుతాయి. కాన్వాస్ కాలం చెల్లిపోలేదనడానికి కారణం ఇదే.

బరువు కన్నా గాలి పెద్ద శత్రువు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి, తనకు ఎదురుగా నిలిచిన ప్రతి చదరపు మీటరుపై సుమారు ఆరు కిలోల ఒత్తిడి చూపుతుంది. సగం విప్పిన పట్టాలో ఇరవై చదరపు మీటర్లు గాలికి ఎదురు నిలిచినా ఆ ఒత్తిడి 120 కిలోలకు చేరుతుంది. పట్టా తెరచాపగా మారుతుంది. దాని అంచు పట్టుకున్న మనిషి బరువు ఆ లాగుడు ముందు చాలదు. అనుభవజ్ఞులు పట్టాను ఒక్కసారిగా పరచరు. గాలి వచ్చే వైపు అంచును ముందు కట్టి, మడతలను ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వస్తారు. రెండు పట్టాలు వేయవలసి వస్తే వెనుకది ముందు పరిచి, ముందరిదాని అంచు దానిపైకి వచ్చేలా కప్పుతారు. లేకుంటే పరుగులో గాలి అతుకు కింద దూరి పట్టాను లేపేస్తుంది. వేగం రెట్టింపయితే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది కనుక, ఊరిలో బాగానే ఉన్న కట్టు రహదారి ఎక్కగానే వదులు కావడంలో వింత లేదు.

పన్నెండు అడుగుల నుంచి జారిన మనిషి ఒక సెకను లోపే నేలను తాకుతాడు. అప్పటి వేగం గంటకు సుమారు 30 కిలోమీటర్లు. తల, వెన్నెముక, మడమలు దెబ్బతినడానికి ఆ వేగం చాలు. తలపై విద్యుత్తు తీగలున్న చోట ఎక్కితే ముప్పు మరొకటి. వీధి దీపం వెలుగు కోసం స్తంభం పక్కనే బండి ఆపి పట్టా సర్దుకోవడం రాత్రివేళ కనిపించే అలవాటు. అక్కడే తీగలూ ఉంటాయి.

కింద నిలబడి మోకు బిగించేవారికీ భద్రత లేదు. మోకులో ఒక ఉచ్చు వేసి, కొసను కొక్కెం కింద నుంచి తెచ్చి ఆ ఉచ్చులో దూర్చి లాగితే, మనిషి బలం కప్పీ వేసినట్లు పెరుగుతుంది. బడిలో భౌతికశాస్త్రం చదవని క్లీనరు కూడా సాటి క్లీనరును చూసి నేర్చుకున్న విద్య ఇది. ఆఖరి బిగింపుకు ఒళ్లంతా వెనక్కి వాల్చి వేలాడతారు. ఆ క్షణంలో మోకు తెగినా, కొక్కెం ఊడినా మనిషి వెల్లకిలా పడతాడు, తరచుగా వెనుక వాహనాలు తిరుగుతున్న రోడ్డు మీదనే. ఎండలో నెలల తరబడి నానిన ప్లాస్టిక్ మోకు పైకి బాగున్నట్లు కనిపిస్తూనే లోపల సత్తువ కోల్పోతుంది. ముడి వేసిన చోట ఏ తాడైనా బలహీనమే.

మిర్చి విషయంలో పట్టా ముఖ్యం. ఇనుము విషయంలో కట్టే ప్రాణాధారం. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి వెలువడే కడ్డీలు, వైర్ రాడ్ చుట్టలు, ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు లారీలో తక్కువ ఎత్తులోనే ఉంటాయి. చూసేవారికి అవి ఎక్కడికీ కదలవనిపిస్తుంది. అంత బరువు ఎందుకు జరుగుతుందన్న నమ్మకమే చేటు తెస్తుంది. హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు సరుకు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో ముందుకు దూకగలదని భావించి కట్టాలన్నది ఐరోపా ప్రమాణాలు పాటించే లెక్క. మలుపులకు ఇది సగం. ఇరవై టన్నుల ఇనుముకు ముందువైపు లెక్క 16 టన్నులు. ఇనుప నేలపై ఇనుము రాపిడి ఆపగలిగేది ఐదో వంతు, అంటే నాలుగు టన్నులు మాత్రమే. తక్కిన 12 టన్నులు గొలుసులు, బెల్టులు, క్యాబిన్ వెనుక గోడ భరించాలి. అవి భరించలేకపోతే కడ్డీలు క్యాబిన్‌లోకి దూసుకువస్తాయి. అడుగున రబ్బరు పరుపు వేస్తే రాపిడి మూడింతలవుతుంది. ఖర్చు చూస్తే స్వల్పమైన ఈ ఏర్పాటు మన లారీలలో అరుదుగా కనిపించడం విచారకరం.

చట్టం ఈ విషయాన్ని పట్టించుకోలేదని చెప్పలేము. తొట్టి దాటి బయటకు పొడుచుకొచ్చే సరుకుకు ఉన్న వెసులుబాటును కేంద్రం 2014లో తొలగించింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అటువంటి బండికి 20 వేల రూపాయల జరిమానా, సరుకు దించే ఖర్చు విధించింది. నిర్మాణ సామగ్రిని, వ్యర్థాలను కప్పకుండా తరలించరాదని 2018 నాటి పర్యావరణ నిబంధనలు చెబుతున్నాయి. ఇవన్నీ రోడ్డుపై వెళ్లేవారిని కాపాడే నిబంధనలు, అవసరమైనవే. పట్టా కప్పేందుకు పైకెక్కిన మనిషిని గురించి అవి మాట్లాడవు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సరుకు ఎక్కించడం, దించడాన్ని పనివేళల్లో భాగంగా గుర్తించింది. అయితే అది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. ఒకటి రెండు లారీల యజమానులే అధికంగా ఉన్న రంగంలో ఆ గీత వెలుపల మిగిలినవారెందరో ఊహించవచ్చు. తరువాత ఆ చట్టం 2020 నాటి వృత్తి భద్రత స్మృతిలో కలిసిపోయింది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేయడం మేలైన నిర్ణయం. ఆ చల్లదనం క్యాబిన్ పైకప్పు వరకే.

పరిష్కారాలు అంతుచిక్కనివి కావు. సరుకు ఎక్కించే చోట లారీకి ఇరువైపులా కమ్మీలున్న వేదిక కడితే డ్రైవరు పైకెక్కనవసరం లేదు. పైన ఇనుప దూలం, దానికి వేలాడే నడుము బెల్టు ఉంటే జారినా నేల తాకడు. నేలపై నిలబడే లాగి మూయగల జారుడు పట్టాలు ఇప్పటికే టిప్పర్లపై కనిపిస్తున్నాయి. వీటిలో మొదటి రెండూ సరుకు యజమాని ఆవరణలో ఉండవలసినవి. లారీ వెంట తీసుకువెళ్లగలిగేవి కావు.

కట్టిన తరువాత కూడా పని పూర్తి కాదు. మొదటి ఇరవై, ముప్పై కిలోమీటర్ల కుదుపులకు టిక్కీలు సర్దుకొని మోకులు వదులవుతాయి. రోడ్డు పక్కన ఆపి మళ్లీ బిగించాలి. తెల్లవారుజామున వాన పడితే పట్టాపై గుంటలుగా నిలిచిన నీటిని కిందికి దొర్లించాలి, లేకుంటే ఆ బరువుకు గుడ్డ కుట్టు విడి నీరు లోపలికి దిగుతుంది. తడిసిన మిర్చికి బూజు పడుతుంది. దించే చోట తడిసిన టిక్కీలను పక్కన పెట్టి, వాటి విలువను కిరాయిలో కోసుకోవడం రవాణాలో మామూలే. సరుకు దిగిన తరువాత డ్రైవరు ఆ పట్టాను ఏదో ధాబా పక్కన ఎండలో పరిచి ఆరబెట్టుకుంటాడు. తడితో మడిస్తే కాన్వాస్ కుళ్లుతుంది, కొత్త పట్టా ఖర్చు మీద పడుతుంది.