ఐ7 అని మురిసిపోతే ఎలా?

పిల్లల చదువుకని కంప్యూటర్ కొనేటప్పుడు చాలామంది కొత్త ఐ3 కన్నా, చవగ్గా దొరికే సెకండ్‌హ్యాండ్ ఐ7 వైపే మొగ్గుతారు. పొరపాటు అక్కడే! ఇంటెల్ 2011లో తెచ్చిన ఐ7-2600కీ, 2022లో తెచ్చిన ఐ3-12100కీ ఉన్నవి నాలుగేసి కోర్లే. అయినా వేగంలో ఐ3దే పైచేయి. అదే సమయంలో ఎక్కువ పని చక్కబెట్టేలా దాని డిజైన్ మారింది మరి.

పైగా విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో ఐ7-2600 లేదు.

గుట్టంతా గీత తర్వాతి అంకెల్లోనే ఉంది. 2600 అంటే రెండో తరం, 12100 అంటే పన్నెండో తరం. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కే కొత్త ప్రాసెసర్ వేయించాలన్నా మదర్‌బోర్డు సాకెట్ కలవాలి. అందుకే, షాపులో ధరకన్నా ముందు తరం అడగాలి.