ఇనుము తొడుక్కున్న నత్త



పోయినసారి గోడపత్రికలో ఏనుగు గురించి వచ్చింది. పెద్ద జంతువు గురించి ఎవరైనా రాస్తారు. నేను చిన్నదాని గురించి రాస్తున్నాను. ఇది ఒక నత్త. బాగా పెరిగితే నాలుగున్నర సెంటీమీటర్లు ఉంటాది, అంటే మన బొటనవేలంత.

నత్తలు మనకి కొత్త కాదు. వానలు పడి మడిలో నీళ్ళు నిలిస్తే ఏరుకొస్తాం. ముట్టుకోగానే మెత్తటి కాలు లోపలికి లాక్కుని మూత వేసేసుకుంటాది. కాని నేను చెప్పే నత్త కాలు మెత్తగా ఉండదు. కాలి పక్కలంతా చేప పొలుసుల్లాంటివి వరసలు వరసలుగా ఉంటాయి, పైన పెంకులాగ. ఆ పొలుసుల మీద, గుల్ల పైపొర మీద ఇనుము ఉంది. ఉత్త ఇనుము కాదు, గంధకంతో కలిసిన ఇనుము. ఐరన్ సల్ఫైడ్ అని మనం కెమిస్ట్రీలో చదివామే, అదే. ఇనుప రజను, గంధకం కలిపి వేడి చేస్తే వచ్చేది. మనకి దీపం కావాలి, పరీక్షనాళిక కావాలి. నత్త ఏమీ లేకుండా ఒంటి మీదే చేసుకుంటోంది. అందులో గ్రైగైట్ అనే రకం ఉండడం వల్ల ఆ పొలుసు అయస్కాంతానికి కూడా అంటుకుంటాది. ఇలా ఒంటి మీద ఐరన్ సల్ఫైడ్ తొడుక్కునే జంతువు మరొకటి ఇంతవరకు కనబడలేదు.

దాని పేరు క్రైసోమాలాన్ స్క్వామిఫెరమ్. నేను నాలుగుసార్లు కూడబలుక్కుని చదివాను. పలకలేని వాళ్ళు పొలుసుల కాలి నత్త అనుకోండి.

ఇది ఉండేది హిందూ మహాసముద్రం అడుగున. మారిషస్ దీవికి ఆగ్నేయంగా చాలా దూరంలో, సుమారు 2,400 మీటర్ల లోతులో, కైరేయి అనే చోటు ఉంది. అక్కడ నేల చీలి ఉంటాది. సముద్రపు నీరు ఆ చీలికల్లోకి దిగి, కింద వేడి రాళ్ళకి తగిలి కాగి, రాళ్ళలోని ఇనుము, రాగి, గంధకం కరిగించుకుని మళ్ళీ పైకి తన్నుకొస్తాది. వేడి 300 డిగ్రీలు దాటి ఉంటాది. అయినా మరిగి ఆవిరి కాదు, ఎందుకంటే మీద అంత నీటి బరువు ఉంది. మన మీద గాలి ఎంత నొక్కుతుందో దానికి 240 రెట్లు అక్కడ నొక్కుతుంది. ఆ వేడినీరు పైనున్న చల్లనీటికి తగలగానే అందులోని లోహాలు నల్లపొగలాగ విడిపోయి, పేరుకుని పేరుకుని గొట్టాల్లాగ లేస్తాయి. నత్తలు మరీ వేడినీటిలో ఉండవు, రెండు నీళ్ళూ కలిసే చోట గుంపులుగా ఉంటాయి. జపాను వాళ్ళు 2000లో ఈ చోటు కనుక్కున్నారు. 2001లో అమెరికా శాస్త్రవేత్తలు వెళ్ళినప్పుడు ఈ నత్త దొరికింది.

ఎండ చేరని చోట ఏమి తింటాది? ఇదే నాకు అన్నిటికంటే వింతగా ఉంది. అది దాదాపు ఏమీ తినదు. దాని ఆహారవాహిక దగ్గర ఒక గ్రంథి బాగా పెద్దదై, నిండా బాక్టీరియా ఉంటాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుందే హైడ్రోజన్ సల్ఫైడ్, ఆ వాయువు నుంచి శక్తి తీసుకుని బాక్టీరియా ఆహారం తయారు చేస్తాయి. మొక్కకి ఎండ ఎలాగో, వీటికి ఆ వాసన గాలి అలాగ. నత్త వాటికి ఇల్లు ఇస్తోంది, అవి నత్తకి కూడు పెడుతున్నాయి. వాటికి కావలసిన ప్రాణవాయువు, సల్ఫైడ్ రక్తంలో మోసుకెళ్ళాలి కాబట్టి నత్త గుండె చాలా పెద్దది. ఒంట్లో 4 శాతం గుండే. మనకి 1.3 శాతం మాత్రమే. (ఇది చదివి నా పక్క మంచం అమ్మాయి "కూర వండుకుంటే బాగుంటాదా?" అని అడిగింది. ఆ వాసన తలుచుకోమన్నాను.)

ఇనుము ఎందుకు? శత్రువుల నుంచి కాపాడుకోడానికి కవచం అని ముందు అన్నారు. తరువాత సాలిటైర్ అని మారిషస్ సముద్రంలోనే ఇంకో చోట ఇదే నత్త దొరికింది. చూస్తే తెల్లగా ఉంది! పొలుసులున్నాయి, ఇనుము లేదు. అక్కడ నీళ్ళలో ఇనుము తక్కువ. 2019లో తేలింది ఏమిటంటే, నత్త లోపలి నుంచి గంధకం పొలుసుల్లోని సన్నటి దారుల్లోకి వస్తుంది, బయటి నీళ్ళలోని ఇనుము వచ్చి దానితో కలుస్తుంది. ఎక్కువైన గంధకం నత్తకి విషం కాబట్టి అలా బయటికి తోసేస్తోంది అనుకుంటున్నారు. నాకు ఇదే సరిగ్గా అనిపించింది. చెమట లాంటిది అన్నమాట, కాకపోతే ఇనుమై గట్టిపడుతుంది. పైకి తెచ్చి గాలిలో ఉంచితే, వానకి వదిలేసిన కొడవలిలాగ తుప్పు పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నత్త ఇల్లు రాగి, జింకు, కొంచెం బంగారం, వెండి ఉన్న రాయి. ఎవరి దేశానికీ చెందని సముద్రపు అడుగున లోహాలు వెతకాలంటే జమైకాలో ఉన్న అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ అనుమతి కావాలి. 2019 నాటికి ఈ నత్త మూడే చోట్ల ఉందని తెలుసు. మూడూ కలిపితే 2 హెక్టార్లు, అంటే 5 ఎకరాలు. మా పోడు 3 ఎకరాలు. ఆ మూడింటిలో రెండు చోట్లు అప్పటికే వెతికే అనుమతుల్లోకి వెళ్ళిపోయాయి. అందుకని ఆ ఏడాది ఐ.యు.సి.ఎన్. సంస్థ దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల పట్టీలో చేర్చింది. సముద్రగర్భం తవ్వకాల భయం వల్ల ఆ పట్టీలోకి ఎక్కిన మొదటి జీవి ఇదే. తరువాత అదే మహాసముద్రంలో ఇంకొన్ని చోట్ల కనబడింది. అవి కూడా చిన్న చిన్న చోట్లే.

మన దేశానికి కూడా 2016లో ఆ మహాసముద్రంలో 10,000 చదరపు కిలోమీటర్లు వెతకడానికి 15 ఏళ్ళకి అనుమతి వచ్చింది. ఇవన్నీ వెతకడానికే, తవ్వడం ఇంకా మొదలు కాలేదు. మా తరగతిలో దీని మీద వాదన జరిగింది. రాగి లేకపోతే హాస్టల్‌కి కరెంటు తీగ ఎక్కడిది అని ఒకమ్మాయి అడిగింది. అది నిజమే, నాకు జవాబు రాలేదు. ఇంకొకమ్మాయి "అక్కడ మనుషులెవరూ లేరు కదా, తవ్వితే ఏటి?" అంది. దానికి మాత్రం నాకు కోపం వచ్చింది. మన కొండల గురించి కూడా కింద వాళ్ళు అక్కడ ఎవరున్నారు, ఉత్త అడవే కదా అంటారు. పోనీ, రాగి కావాలంటే వెతకండి, కాని ఊట వేడిగా ఉండి నత్తలున్న ఆ నాలుగు ఎకరాలు, ఐదు ఎకరాలు వదిలేసి వెతకవచ్చు కదా అన్నాను. ఆ అమ్మాయి ఆలోచించి చెప్తానంది. ఇంకా చెప్పలేదు.

పక్కన బొమ్మ నేనే వేశాను. నల్ల స్కెచ్ పెన్ను అయిపోయింది కాబట్టి అది సాలిటైర్ నత్త అని గమనించగలరు.