ఫుట్‌బాల్ ఆట మన హాస్టలుకి ఫ్రీగా ఎలా వస్తుంది?



గోడపత్రిక కింద కట్టిన ప్రశ్నల డబ్బాలో ఈసారి ఎక్కువ చీటీలు ఒకే సంగతి అడిగాయి. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ టీవీలో ఫ్రీగా వస్తుందా, సెల్లులో ఫ్రీగా వస్తుందా, రెండిట్లో ఏది మంచిది అని. హాస్టల్లో టీవీ బాక్సు చూసుకునే పని నాది కాబట్టి జవాబు నన్నే రాయమన్నారు. సైన్సు మాస్టారిని అడిగి, లెక్కలు నేనే వేసి రాస్తున్నాను.

ముందు ఒక మాట. టీవీలోనూ ఫ్రీ అంటారు, సెల్లులోనూ ఫ్రీ అంటారు. కానీ ఆ రెండు ఫ్రీలూ ఒకటి కాదు. ఒకటి వాన లాంటిది, రెండోది కాలవ నీళ్ళ లాంటిది. మనవాళ్ళు చాలామంది నాట్లకీ కోతలకీ డెల్టాకి వెళ్తారు గనక ఈ పోలిక తొందరగా తెలుస్తుంది. వాన పడితే అందరి చేలోనూ ఒకేసారి పడుతుంది. పక్కవాడి చేలో పడిందని మన చేలో తగ్గదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన కాలవ నీళ్ళు అలా కావు. పై రైతులు తోడుకున్నాక శివారు చేలకి ఆలస్యంగా వస్తాయి, తక్కువగా వస్తాయి.

వాన లాంటిది డీడీ ఫ్రీ డిష్. మన వంటశాల మీదున్న గొడుగు అదే. దూరదర్శన్ వాళ్ళు దీన్ని 2004 డిసెంబరులో మొదలుపెట్టారు. గొడుగూ బాక్సూ ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా కట్టేది లేదు. మా తాత కాలంలో ఇంటిమీద చేప ముల్లు లాంటి యాంటెన్నా కట్టేవారు కదా, దానికి సిగ్నల్ పంపే పాత టవర్లను 2022 నాటికి దాదాపు అన్నీ మూసేశారు. కాబట్టి ఇప్పుడు డబ్బు కట్టకుండా టీవీ చూడాలంటే ఈ గొడుగే దిక్కు.

సిగ్నల్ ఎక్కడినుంచి వస్తుంది? ఇస్రో తయారు చేసిన జీశాట్ 15 అనే ఉపగ్రహం నుంచి. దాన్ని 2015 నవంబరు 11న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా నుంచి పైకి పంపారు. భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. భూమి తిరిగే లెక్కలోనే అదీ తిరుగుతుంది కాబట్టి మనకి కదలకుండా ఒకేచోట ఉన్నట్టు ఉంటుంది. అందుకే గొడుగుని ఒకసారి సరిగ్గా తిప్పి బిగిస్తే మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. మన గోదావరి ప్రాంతం నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, కొంచెం దక్షిణానికి ఒరిగి, నేలనుంచి 65 డిగ్రీల పైన ఉంటుంది. నేను అట్లాసు చూసి, మాస్టారి చేత లెక్క కట్టించాను. అంటే మనం తల బాగా పైకెత్తి చూడాలి. మన గొడుగుకి సరిగ్గా ఆ దిక్కునే చింతచెట్టు కొమ్మ ఎదిగి ఉంది! ఆకులు తడిసినప్పుడు బొమ్మ గళ్ళుగళ్ళుగా పగిలిపోయేది దానివల్లే గాని బాక్సు పాడైపోయి కాదు. ఎవరూ బాక్సుని కొట్టవద్దు.

గట్టి వాన పడితే కొమ్మ లేకపోయినా బొమ్మ పోతుంది. ఈ తరంగాల పొడవు మూడు సెంటీమీటర్ల లోపే. వాన చినుకులు వాటిని పీల్చేస్తాయి, చెదరగొడతాయి. మబ్బు తేలిపోగానే మళ్ళీ వస్తుంది. వాన లాంటిది అని చెప్పి వానకే ఆగిపోతుందంటే నవ్వొస్తుంది గాని, సంగతి అదే.

ఇక చట్టం సంగతి. ఇది చాలామందికి తెలియదు. పెద్ద పోటీలను చూపించే హక్కులు కోట్లు పెట్టి కొనేది ప్రైవేటు చానళ్ళు. మరి అవి దూరదర్శన్‌లోకి ఎలా వస్తాయి? 2007లో మన పార్లమెంటు ఒక చట్టం చేసింది. దేశానికి ముఖ్యమైనవని ప్రభుత్వం ప్రకటించిన ఆటల సిగ్నల్‌ని హక్కులున్న కంపెనీ ప్రసారభారతికి కూడా ఇవ్వాలి. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్లో సెమీ ఫైనళ్ళు, ఫైనల్ ఆ జాబితాలోవే. అన్ని ఆటలూ మాత్రం రావు. దూరదర్శన్‌లో ఆ ఆటకి వచ్చిన ప్రకటనల డబ్బులో నూటికి 75 రూపాయలకు తగ్గకుండా హక్కులున్న కంపెనీకే పోతాయి. కంపెనీకి మరీ నష్టం లేదన్నమాట.

ఈ చట్టంలో ఇంకో మెలిక ఉంది. అలా ఇచ్చిన సిగ్నల్‌ని దూరదర్శన్ తన సొంత టవర్లలోనూ ఫ్రీ డిష్‌లోనూ మాత్రమే చూపాలి. ప్రైవేటు కేబుల్‌కీ, నెల డబ్బులు కట్టే డిష్‌లకీ ఇవ్వకూడదు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అందుకని రాజమండ్రిలో కేబుల్‌కి నెలనెలా కట్టే ఇంట్లో దూరదర్శన్ చానల్ పెడితే ఆ వేళకి వేరే కార్యక్రమం రావచ్చు, ఏజెన్సీలో మన గొడుగులో ఆట రావచ్చు. టౌను వాళ్ళకి లేనిది మనకి ఉండే సందర్భాలు ఎన్నో లేవు కాబట్టి దీన్ని కాస్త పెద్ద అక్షరాలతో రాద్దామనుకున్నాను, కాగితం చాలలేదు.

కాలవ నీళ్ళ లాంటిది సెల్లులో చూడటం. దీన్నే స్ట్రీమింగ్ అంటారు. 2022లో ఖతార్ ప్రపంచ కప్పు 64 ఆటలనూ అప్పటి జియోసినిమా డబ్బులు తీసుకోకుండా చూపింది. (అది 2025 ఫిబ్రవరిలో హాట్‌స్టార్‌తో కలిసి జియోహాట్‌స్టార్ అయింది.) ఇందులో ఆటని కొన్ని సెకన్ల చిన్నచిన్న ముక్కలుగా కోస్తారు. ప్రతి సెల్లూ ఒక్కో ముక్కనీ అడిగి తెచ్చుకోవాలి. పది సెల్లులుంటే పదిసార్లు తేవాలి. మన హాస్టల్లో 120 మందిమి తలో సెల్లులో చూశామనుకోండి, సెకనుకి 1.5 మెగాబిట్ల లెక్కన 180 మెగాబిట్లు కావాలి. కొండ అవతలున్న ఒక్క టవరు అంత మోయలేదు. గొడుగుకైతే 120 మంది చూసినా, దేశమంతా చూసినా ఒకటే.

ఆట ఫ్రీయే గాని డేటా ఫ్రీ కాదు. లెక్క చూడండి. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 1.5 మెగాబిట్లంటే సెకనుకి 0.1875 మెగాబైట్లు, గంటకి 675 మెగాబైట్లు. రోజుకి 1.5 జీబీ ఇచ్చే ప్యాకు ఉంటే 8000 సెకన్లు వస్తుంది. అంటే 2 గంటల 13 నిమిషాలు. 2022 డిసెంబరు 18న అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ మన టైము రాత్రి 8.30కి మొదలైంది. 10.43కి ప్యాకు అయిపోతుంది. అప్పటికి 2-2 మీద ఎక్స్‌ట్రా టైము నడుస్తోంది. 108వ నిమిషంలో మెస్సీ కొట్టిన గోల్, 118లో ఎంబాపే మూడో గోల్, ఆ తర్వాత అర్జెంటీనా 4-2తో గెలిచిన పెనాల్టీలు, ఒక్కటీ కనపడవు. రెండున్నర గంటలు దాటేదాకా ఎవరు గెలుస్తారో తెలియని ఆటకి సరిగ్గా సరిపోని ప్యాకు అది.

ఇంకొకటి ఆలస్యం. ఉపగ్రహానికి పైకీ కిందికీ కలిపి 72 వేల కిలోమీటర్లు. సెకనుకి 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోయే తరంగానికి అది పావు సెకను పని. బొమ్మని కుదించి విప్పడానికి ఇంకొన్ని సెకన్లు. స్ట్రీమింగ్‌లో ముక్కలు కోసి, పేర్చి, ముందుగా కొన్ని దాచుకుని చూపించేసరికి అర నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వెనకపడుతుంది. ఆ ఫైనల్లో ఎంబాపే 97 సెకన్లలో రెండు గోల్స్ కొట్టాడు. సెల్లు చూసేవాడు మొదటి గోల్‌కి గంతులేస్తుండగానే గొడుగు ఉన్న ఇంట్లో రెండో గోల్‌కి దగ్గరపడిపోయి ఉంటారు.

స్ట్రీమింగ్‌లో మంచి లేదని కాదు. దూరదర్శన్ జాబితాలో లేని ఆటలు అందులోనే దొరుకుతాయి. వార్డెన్ సార్‌గారి సెల్లు ఒక్కదాన్ని టీవీకి కలిపితే 120 మందికీ ఒక్క ముక్కే తేవాలి కాబట్టి డేటా కూడా కలిసొస్తుంది. కాకపోతే "ఫ్రీ లైవ్" అని వాట్సాప్‌లో వచ్చే తెలియని లింకులు నొక్కకూడదు. ఫోన్ నంబరు, ఓటీపీ అడిగేది ఆట చూపించడానికి కాదు.

"మనకెందుకురా ఫుట్‌బాల్, సినిమా పెట్టు" అనే తమ్ముళ్ళకి ఒక సంగతి. 2022 అక్టోబరులో 17 ఏళ్ళ లోపు బాలికల ప్రపంచ కప్పు మన దేశంలోనే జరిగింది. మన జట్టు కెప్టెన్ అస్తం ఉరావ్. జార్ఖండ్‌లో గుమ్లా జిల్లా పల్లెలోని గిరిజన అమ్మాయి. కూతురి గౌరవార్థం ఊరికి వేస్తున్న రోడ్డు మీదే అమ్మానాన్నలు కూలిపని చేశారని పేపర్లలో వచ్చింది. కూతురి ఆట చూడటానికి ఇంట్లో టీవీ లేకపోతే జిల్లా అధికారులు టీవీ పెట్టించారు, కరెంటు పోతుందని ఇన్వర్టర్ కూడా ఇచ్చారు. అక్టోబరు 11న భువనేశ్వర్‌లో మన జట్టు అమెరికా చేతిలో 8-0తో ఓడిపోయింది. అయినా ఆ ఇంట్లో ఆ పూట టీవీ ఎందుకు కావాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మన తెలుగు గిరిజన అమ్మాయి, నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య కూడా భారత మహిళల జట్టుకి ఆడింది. అలాంటి ఆటలు వచ్చే రోజైనా రిమోట్ నా చేతికివ్వండి.

చివరికి టైము లెక్క. ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అందుకే ఆ ఫైనల్ భోజనాల తర్వాత వచ్చింది. అమెరికా తూర్పు తీరం ఎండాకాలంలో మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. 2026 ప్రపంచ కప్పు ఫైనల్ జులై 19న న్యూజెర్సీలో మధ్యాహ్నం 3 గంటలకని పెట్టారు. అంటే మనకి ఆదివారం అర్ధరాత్రి దాటి 12.30. తెల్లవారితే సోమవారం బడి.

వార్డెన్ సార్‌గారికి మనవి ఏమంటే, ఇలా అర్ధరాత్రి వచ్చే ఫైనళ్ళకి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్ళకి భోజనాల హాల్లో కూర్చోవడానికి అనుమతి ఇవ్వాలి. చప్పుడు చెయ్యం, చిన్నపిల్లల గదులవైపు తలుపులు వేసి ఉంచుతాం, ఉదయం స్టడీకి మామూలుగానే లేస్తాం. చింతచెట్టు కొమ్మ కొట్టడానికి కత్తి ఇప్పిస్తే, వాచ్‌మెన్ అన్న నిచ్చెన పట్టుకుంటానన్నాడు.