సున్నాకు ముందు సెకన్లు, కంపైలర్ లెక్క

2023 జూలై 14న తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 బయలుదేరడానికి ముందు ఇరవై ఐదున్నర గంటల కౌంట్‌డౌన్ సాగింది. రాకెట్ లేచే క్షణాన్ని సున్నాగా పెట్టుకుని సెకన్లలో లెక్కిస్తే, ఆ గడియారం మైనస్ 91,800 దగ్గర మొదలైనట్టు. వ్యోమనౌక రాకెట్ నుంచి విడిపోయింది సుమారు 16 నిమిషాలకు, అంటే 960వ సెకను దరిదాపుల్లో. మైనస్ 91,800 అనేది 960 కంటే చిన్నదా అని అడిగితే బడిపిల్లలు సైతం తడుముకోకుండా అవునంటారు గాని, సీ భాషలో రాసిన ప్రోగ్రాము కాదనవచ్చు. ఈ అంకెలు ఉదాహరణకే తప్ప, ఇస్రో సాఫ్ట్‌వేర్‌తో వీటికి సంబంధం లేదు.

పూర్ణాంకాలలో మైనస్ సంఖ్యలకూ చోటిచ్చే రకాన్ని సైన్డ్ అనీ, సున్నా మొదలుకొని పై సంఖ్యలను మాత్రమే పట్టే రకాన్ని అన్‌సైన్డ్ అనీ అంటారు. గడియారం సైన్డ్‌గా, 960 అన్‌సైన్డ్‌గా ఉండి, రెండూ 32 బిట్ల ఇంట్‌లే అయితే, పోల్చే ముందు సైన్డ్ విలువను అన్‌సైన్డ్‌గా మార్చాలని సీ ప్రమాణమే శాసిస్తుంది. మామూలు కంప్యూటర్లలో ఈ మార్పిడి వల్ల ఒక్క బిట్టూ కదలదు. వాటిని చదివే తీరు మారి, 429,49,67,296 నుంచి 91,800 తీసివేయగా మిగిలే 429,48,75,496 ఆ గడియారం విలువగా నిలుస్తుంది. అది 960 కంటే ఎంతో పెద్దది గనుక, రాకెట్ ఇంకా నేల మీదే ఉండగా విడిపోయే సమయం దాటిపోయిందని ప్రోగ్రాము తీర్మానిస్తుంది.

ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో పోల్చే ఆదేశం రెండు రకాలకూ ఒకటే అయినా, చిన్నదని తేలితే దారి మళ్ళించే ఆదేశం సైన్డ్‌కు జేఎల్, అన్‌సైన్డ్‌కు జేబీ. వీటిలో ఏది రాయాలో నిర్ణయించేది, ప్రోగ్రామును ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే కంపైలరే. గడియారాన్ని ఇంట్‌కు బదులు లాంగ్ అనే రకంగా ప్రకటిస్తే 64 బిట్ల లినక్స్‌లో జవాబు సరిగ్గా వస్తుంది, లాంగ్‌కు 32 బిట్లే ఉన్న విండోస్‌లో మళ్ళీ తప్పుతుంది. ఒకే ప్రోగ్రాము రెండు చోట్ల రెండు మాటలు చెప్పడం ఈ నియమంలోని అసలు ప్రమాదం.

జీసీసీ కంపైలర్‌లో దీనికి సైన్-కంపేర్ అనే హెచ్చరిక ఉన్నది. సీప్లస్‌ప్లస్‌లో ఆల్ ఐచ్ఛికంతోనే అది వస్తుంది, సీలో మాత్రం ఎక్స్‌ట్రా కూడా అడగాలి. రస్ట్ భాష ఇటువంటి పోలికను కంపైల్ చేయడానికే ఒప్పుకోదు, అదే మేలైన పద్ధతి. సీ నేర్చుకునే విద్యార్థులు కనీసం ఆ ఎక్స్‌ట్రా ఐచ్ఛికాన్ని మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి.