నెట్ వేగంగా ఉన్నా ఆట ఎందుకు తడబడుతుంది

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. ప్లాన్ 100 ఎంబీపీఎస్. హాల్లో టీవీ మీద సినిమా ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. పక్క గదిలో ఫోన్‌లో బీజీఎంఐ అనే షూటింగ్ ఆట ఆడుతున్న కుర్రాడు మాత్రం ‘ల్యాగ్ కొడుతోంది’ అని అరుస్తాడు. తెర మూలన పింగ్ అంకె పచ్చరంగు పోయి ఎర్రబడుతుంది. నెట్ బాగానే ఉంది కదా, ఓడిపోయినందుకు సాకు వెతుకుతున్నాడని పెద్దవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు కుర్రాడు చెప్పేదే నిజం.

ఎంబీపీఎస్ అనేది సెకనుకు ఎంత సమాచారం పడుతుందో చెప్పే లెక్క. ఒక్కో ముక్క ఎంతసేపట్లో చేరుతుందో అది చెప్పదు. ఆ సంగతి చెప్పేది పింగ్ (మన ఫోన్ నుంచి ఒక సందేశం సర్వర్ దాకా వెళ్లి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం). దీన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. సినిమాకు పింగ్‌తో పెద్దగా పనిలేదు. రాబోయే దృశ్యాలను యాప్ ముందే తెచ్చి దాచుకుంటుంది. మధ్యలో నెట్ రెండు సెకన్లు ఆగినా మనకు తెలియదు. ఆటకు ఆ వీలు లేదు. అవతలివాడు ఇంకా నొక్కని బటన్‌ను ముందే తెచ్చి దాచుకోలేం. ఆట పంపే సమాచారం నిజానికి చాలా కొంచెం. ఎటు నడుస్తున్నాను, ఎటు చూస్తున్నాను, కాల్చానా లేదా, అంతే. కానీ అది సెకనుకు పదుల సార్లు వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ వేళకు చేరాలి.

ఈ ఆలస్యంలో కొంత భాగాన్ని ఎవరూ తగ్గించలేరు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరం వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు. హైదరాబాద్ నుంచి ముంబై నేరుగా 600 కిలోమీటర్ల పైచిలుకు. కాగితం మీద లెక్కకు 6, 7 మిల్లీసెకన్లు చాలు. సింగపూర్ అయితే దాదాపు 3,300 కిలోమీటర్లు, 33 మిల్లీసెకన్లు. అయితే కేబుల్ గీత గీసినట్టు నేరుగా పోదు. దారిలో ఎన్నో రౌటర్లు దాటాలి. తెర మీద కనిపించే అంకె ఈ లెక్క కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. వాలరెంట్ లాంటి ఆటలు ముంబైలో సర్వర్లు పెట్టడాన్ని మన ఆటగాళ్లు అంతగా పట్టించుకోవడానికి కారణం ఇదే.

కొద్దిపాటి ఆలస్యాన్ని ఆటలు దాచేస్తాయి. 1996లో ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ క్వేక్‌వరల్డ్ అనే ఆన్‌లైన్ షూటింగ్ ఆట కోసం చేసిన మార్పు ఈ దారిలో పెద్ద మలుపు. ఆటగాడు బటన్ నొక్కితే సర్వర్ జవాబు కోసం ఆగకుండా, అతని కంప్యూటరే అడుగు ముందుకు వేసి చూపిస్తుంది. దీన్ని ప్రిడిక్షన్ (సర్వర్ చెప్పబోయేదాన్ని ముందే ఊహించడం) అంటారు. ఊహ సరైతే ఆలస్యం ఉన్నట్టే తెలియదు. తప్పితే సర్వర్ మాటే చెల్లుతుంది. పాత్ర ఉన్నట్టుండి నాలుగు అడుగులు వెనక్కి వచ్చి పడుతుంది. ఆటగాళ్లు రబ్బర్ బ్యాండింగ్ అనేది దీన్నే.

కదలిక సరే, తుపాకి గురి మాటేమిటి? దీనికి ఆటలు తయారుచేసే వాల్వ్ సంస్థ ఇంజినీరు యాన్ బెర్నియర్ 2001లో ఒక పత్రంలో వివరించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. తూటా పేల్చిన సందేశం అందగానే సర్వర్ కాలాన్ని కాస్త వెనక్కి తిప్పుతుంది. కాల్చినవాడు ఆ క్షణంలో తన తెర మీద ఏం చూశాడో దాన్నిబట్టి తగిలిందా లేదా తేలుస్తుంది. దీన్ని ల్యాగ్ కాంపెన్సేషన్ (ఆలస్యానికి పరిహారం) అంటారు.

ఇందులో ఒక మెలిక ఉంది. దాన్ని దగ్గరగా చూడాలి. ఒక ఆటగాడి పింగ్ 30. అతను గోడ వైపు పరుగెడుతున్నాడు. అతన్ని గురిపెట్టినవాడి పింగ్ 200. ఆ రెండోవాడి తెర మీద బొమ్మ చేరేసరికే సుమారు 100 మిల్లీసెకన్లు పాతది. అతను ట్రిగ్గర్ నొక్కితే ఆ కబురు సర్వర్‌కు చేరడానికి ఇంకో 100. ఈ 200 మిల్లీసెకన్లలో, సెకనుకు ఐదు మీటర్లు పరుగెత్తే పాత్ర ఒక మీటరు జరుగుతుంది. అప్పటికే అతను గోడ వెనక ఉన్నాడు. తన తెర మీద శత్రువు కనిపించడం లేదు, ప్రమాదం తప్పిందనుకున్నాడు. సర్వర్ మాత్రం కాలాన్ని వెనక్కి తిప్పి, తూటా తగిలిందని తేలుస్తుంది. గోడ చాటున ఉండగానే అతను చనిపోతాడు. ఇద్దరి తెరలూ నిజమే చూపించాయి, ఎవరూ మోసం చేయలేదు. ఒకరి నెట్ తెచ్చిన ఆలస్యం మంచి నెట్ ఉన్న ఇంకొకరి ఆటను పాడుచేసింది. అందుకే చాలా ఆటలు కాలాన్ని ఎంతవరకు వెనక్కి తిప్పవచ్చో ఒక హద్దు పెడతాయి. ఆ హద్దు దాటిన పింగ్ ఉన్నవాడికి సూటిగా గురిపెట్టి కాల్చిన తూటా కూడా లెక్కకు రాదు. దాచే కిటుకు ఏదైనా ఆలస్యాన్ని పోగొట్టదు. దాని బరువును ఒకరి భుజం నుంచి ఇంకొకరి భుజానికి మారుస్తుంది.

అన్ని ఆటల మీదా దెబ్బ ఒకేలా పడదు. పరిశోధకులు మార్క్ క్లేపూల్, కాజల్ క్లేపూల్ 2006లో రాసిన వ్యాసం దీనికి ఒక కొలబద్ద ఇచ్చింది. ఆటలో చేసే ప్రతి పనికీ రెండు గుణాలు ఉంటాయి: ఎంత కచ్చితంగా చేయాలి, ఎంత గడువులోగా చేయాలి. దూరాన ఉన్నవాడి తలకు గురిపెట్టడంలో రెండూ ఎక్కువే. ఊరిలో కొత్త భవనం కట్టమని ఆజ్ఞ ఇవ్వడంలో రెండూ తక్కువే. వాళ్ల లెక్కలో, పాత్ర కళ్లతోనే లోకాన్ని చూసే షూటింగ్ ఆటలు సుమారు 100 మిల్లీసెకన్ల దాకా ఓర్చుకుంటాయి. పాత్రను వెనక నుంచి చూస్తూ ఆడేవి 500 దాకా, పైనుంచి సైన్యాన్నంతా నడిపించేవి వెయ్యి దాకా.

తీవ్రమైన ల్యాగ్ ఆటగాడి మనసును ఏం చేస్తుందన్నది ఇక్కడి నుంచే అర్థమవుతుంది. ఆటలో ఓటమి కూడా ఒక సుఖమే. ‘తొందరపడి బయటికి వచ్చాను, ఈసారి ఆగాలి’ అని తెలిస్తే మళ్లీ ఆడాలనిపిస్తుంది. చేసిన పనికీ వచ్చిన ఫలితానికీ మధ్య లంకె కనిపిస్తోంది కాబట్టి అలా అనిపిస్తుంది. పింగ్ నాలుగైదు వందలు దాటి ఎగిరెగిరి పడుతుంటే ఆ లంకె తెగిపోతుంది. ఓడితే ఎందుకు ఓడానో తెలియదు. గెలిచినా అది తన నైపుణ్యమో, అవతలివాడి తెర ఆగిపోవడమో తేల్చుకోలేడు. దాంతో ఆటతీరే మారిపోతుంది. ఎదురు వెళ్లడం మానేసి మూలన నక్కుతాడు. సాహసంతో కూడిన పని చేతిలోకి తీసుకోడు. నలుగురి జట్టులో మిగతా ముగ్గురు మైకులో విసుక్కుంటారు. వాళ్ల ఓటమికి కూడా తనే కారణమన్న సిగ్గు దానికి తోడవుతుంది. ఆట మధ్యలో వదిలి వెళ్లిపోతే పద్ధతి లేనివాడంటారు. నా దృష్టిలో ల్యాగ్ చేసే అసలు నష్టం ఓటముల లెక్క కాదు, నేర్చుకునే దారి మూసుకుపోవడం.

ఈ మాటకు బలమిచ్చే అనుభవం సైన్యాలను నడిపించే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆటను తయారుచేసినవాళ్లది. 1997లో వచ్చిన ఆ ఆటను 28.8 కేబీపీఎస్ టెలిఫోన్ మోడెముల మీద కూడా నడిచేలా తయారుచేశారు. పాల్ బెట్నర్, మార్క్ టెరానో 2001లో ఆ పని గురించి రాస్తూ ఒక విషయం చెప్పారు. క్లిక్ చేశాక సైనికుడు కదలడానికి 250 మిల్లీసెకన్లు పట్టినా ఆటగాళ్లు గమనించలేదు. 500 దాకా కూడా హాయిగా ఆడారు. అదే ఆలస్యం ఒకసారి 80, ఇంకోసారి 500 అయితే మాత్రం ఆట కుదుపులుగా ఉందని, ఆడటం కష్టమని అన్నారు. మనిషి చేయి ఆలస్యానికి అలవాటు పడుతుంది, దాని లయ పట్టుకుంటుంది. లయే లేకపోతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. విదేశంలో ఉన్న బంధువుతో ఫోన్‌లో మాట ఆలస్యంగా వినిపిస్తుంటే కాసేపట్లో ఆగి ఆగి మాట్లాడటం అలవాటవుతుంది. ఆలస్యం క్షణక్షణానికీ మారితే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి మాటలే తెగిపోతాయి. ఇలా పింగ్ ఎగుడుదిగుడుగా మారడాన్ని జిట్టర్ అంటారు.

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటది ఇంకా పెద్ద ఉదాహరణ. దాన్ని నడిపేది ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ. అక్కడ ఒకే చోట వేలమంది కలిసి యుద్ధం చేస్తారు. ఆలస్యం నెట్‌లో కాకుండా సర్వర్‌లోనే పుడుతుంది, అన్ని ఆజ్ఞలను లెక్కగట్టలేక అది చతికిలబడుతుంది. ఒకప్పుడు అలాంటి పోరుల్లో తుపాకి పేల్చమన్న ఆజ్ఞ నిమిషాల తరబడి ఇరుక్కుపోయేది. తెర తెరుచుకునేలోపే ఓడ పేలిపోయేది. సంస్థ దీనికి విచిత్రమైన మందు కనిపెట్టింది. సర్వర్ మీద భారం పెరిగితే ఆటలో కాలమే నెమ్మదిస్తుంది. మామూలు వేగంలో పదో వంతు దాకా తగ్గుతుంది. ఆటలోని ఒక సెకను మన గడియారంలో పది సెకన్లన్నమాట. 2014 జనవరి చివర బీ-ఆర్5ఆర్‌బీ అనే చోట జరిగిన యుద్ధం ఇలాగే నత్తనడకన 21 గంటలు సాగింది. 7,500 మందికి పైగా పాల్గొన్నారు. ఆటలోకెల్లా పెద్ద ఓడలైన టైటాన్లు 75 కూలిపోయాయి. అంత నిదానంగా ఎందుకు ఆడారంటే, ఇచ్చిన ఆజ్ఞ ఆలస్యంగానైనా వరసలో అమలవుతుందన్న భరోసా ఉంది కాబట్టి. వేగాన్ని వదులుకుని వాళ్లు ఆ భరోసాను దక్కించుకున్నారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. పింగ్ ఉన్నట్టుండి ఎగరడానికి కారణం చాలాసార్లు ఇంట్లోనే దొరుకుతుంది. ఇంట్లో ఇంకొకరి ఫోన్ పెళ్లి వీడియోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తోంది అనుకుందాం. రౌటర్ పంపలేని సమాచారాన్ని పారేయకుండా లోపల క్యూలో నిలబెడుతుంది. ఆట పంపే చిన్న సందేశం ఆ క్యూ చివర నిలబడాలి. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్, క్యూలో ముందున్నది ఒక మెగాబైట్ అయితే, అది ఖాళీ కావడానికే 800 మిల్లీసెకన్లు పడుతుంది. 2010లో కంప్యూటర్ ఇంజినీరు జిమ్ గెట్టీస్ తన ఇంటి కనెక్షన్‌లో దీన్ని పసిగట్టి బఫర్‌బ్లోట్ (రౌటర్ క్యూ అతిగా ఉబ్బిపోవడం) అని ప్రచారంలోకి తెచ్చాడు. క్యూను పొట్టిగా ఉంచే కోడెల్ అనే పద్ధతిని క్యాథలీన్ నికల్స్, వాన్ జాకబ్‌సన్ 2012లో ప్రకటించారు. కొన్ని రౌటర్లలో ఇలాంటి సదుపాయం ఉంటుంది, సెట్టింగుల్లో ఆన్ చేసుకోవాలి. అది లేకపోతే ఆట వేళకు బ్యాకప్ ఆపడం, అప్‌లోడ్‌కు పరిమితి పెట్టడం పనికొస్తాయి. వైఫై కూడా జిట్టర్‌కు పెద్ద కారణమే, గాలిలోని ఆ దారిని పక్క ఫ్లాట్ల రౌటర్లు కూడా పంచుకుంటాయి. కంప్యూటర్‌లో ఆడేవాళ్లు ల్యాన్ కేబుల్ పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. ప్లాన్‌ను 100 నుంచి 300కు పెంచితే మాత్రం ఆటకు ఒరిగేది తక్కువ.

దూరం వల్ల వచ్చే ఆలస్యానికి ఇంట్లో మందు లేదు. డాలస్‌లో ఉన్న అన్న, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు కలిసి ఆడాలంటే మధ్యలో దాదాపు 14,000 కిలోమీటర్లు. కేబుల్ గీత గీసినట్టు నేరుగా ఉన్నా పింగ్ 140కి తగ్గదు, నిజంలో 200 దాటుతుంది. ముంబై సర్వర్ ఎంచుకుంటే తమ్ముడు హాయిగా ఆడతాడు, అన్న ప్రతి మలుపులోనూ ఓడతాడు. అమెరికా సర్వర్ అయితే తారుమారవుతుంది. షూటింగ్ ఆటే కావాలనుకుంటే, ఆ ఆటకు యూరప్‌లో సర్వర్ ఉంటే అది ఎంచుకోవడం మేలు. ఇద్దరికీ పింగ్ ఎక్కువే ఉంటుంది గాని, దాదాపు సమానంగా ఉంటుంది.