ఎముకను నల్లగా చూపే యంత్రం

1973లో పాల్ లాటర్‌బర్ 'నేచర్' పత్రికలో వేసిన ఎంఆర్ఐ బొమ్మలో కనిపించేవి రెండు సన్నని నీటి గొట్టాలు, అంతే. ఆ వ్యాసాన్ని పత్రిక మొదట తిప్పి పంపింది కూడా. నాలుగేళ్లకు, 1977 జులై 3న, న్యూయార్క్‌లో రేమండ్ డమాడియన్ బృందం మనిషి ఛాతీని తొలిసారి ఈ పద్ధతిలో చూసింది. ఒక్క బొమ్మకు దాదాపు ఐదు గంటలు పట్టింది. ఈ పనికి 2003 నోబెల్ లాటర్‌బర్‌కూ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ దక్కింది. తనను వదిలేశారని డమాడియన్ పత్రికల్లో పూర్తిపేజీ ప్రకటనలిచ్చి మరీ పోట్లాడాడు. నాకైతే ఆయన కోపంలో కొంత న్యాయం కనిపిస్తుంది.

ఎంఆర్ఐ వెతికేది హైడ్రోజన్‌ని. అది ఒంట్లో ఎక్కువగా నీళ్లలో, కొవ్వులో ఉంటుంది. ఆసుపత్రుల్లో మామూలుగా వాడే 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంతత్వానికి 30 వేల రెట్లకు పైగా బలమైంది. అందుకే లోపలికి పోయేముందు తాయెత్తు, కాళ్ల పట్టీలు, వెండి మొలతాడు అన్నీ తీయిస్తారు. గట్టి ఎముకలో నీళ్లు తక్కువ, వాటి సంకేతమూ మిల్లీసెకను తిరక్కుండానే ఆరిపోతుంది. కాబట్టి మామూలు స్కానులో ఎముక నల్లగా పడుతుంది.

నల్లగా పడినా పనికొస్తుంది. ఆ నలుపు మందాన్ని కొలవచ్చు. దాని లోపలి మూలుగ ఇంకా ఎక్కువ చెబుతుంది. చిన్నతనంలో అది ఎర్రగా ఉంటుంది; వయసు పెరిగేకొద్దీ కాళ్లు, చేతుల చివరల నుంచి మొదలై కొవ్వు మూలుగగా మారుతూ వస్తుంది. ఇక కండరం సంగతి: 1984లో థామస్ డిక్సన్ నీటినీ కొవ్వునూ విడదీసే ఉపాయం చూపాక, లావుగా కనిపించే తొడలో కండ ఎంతో, కండలో కలిసిన కొవ్వు ఎంతో తేల్చడం కుదిరింది.

ఎముకకూ కండకూ లంకె ఉందని మన పల్లెలే చూపాయి. 1987–90లో హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో ఒక పోషకాహార ప్రయోగం జరిగింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకూ పసిపిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చారు, మిగతా ఊళ్లలో ఇవ్వలేదు. ఆ పిల్లలు యువతీయువకులయ్యాక జాతీయ పోషకాహార సంస్థలో వాళ్ల ఎముకలను డెక్సా అనే యంత్రంతో కొలిచారు. 2014లో వెలువడిన ఫలితం ఆసక్తికరం: ఎముక బలానికి పసితనపు తిండి లోటుకన్నా ఇప్పటి కండ, ఒంటి బరువు కాళ్లమీద పడేలా చేసే పనే ఎక్కువ లెక్కకొచ్చాయి.

జూరాల నీళ్ల కింద నాట్లేసే ఆత్మకూరు పిల్లలకూ, తట్టలు మోసిన పాలమూరు కూలీల పిల్లలకూ ఇది వినదగ్గ మాటే. అలాగని పిల్లలతో బరువులు మోయించమని కాదు. వాళ్లకు ఆట ఉంది, కబడ్డీ ఉంది. ఇక కొలిచే యంత్రాల సంగతి: డెక్సా ఎక్స్‌రే యంత్రం. కండ మోతాదు చెబుతుంది గానీ కండలో కలిసిన కొవ్వును విడదీసి చూపలేదు. ఎంఆర్ఐ చూపగలదు, పైగా ఎక్స్‌రే లేదు కాబట్టి ఎదిగే పిల్లలను ఏటేటా మళ్లీ చూడొచ్చు. అడ్డు ఖర్చే. అందుకే ఎంఆర్ఐతో ఇలా ఎముకనూ కండనూ కొలవడం ఇంకా పరిశోధకుల చేతిలోనే ఎక్కువ. మోకాలు బెణికిన ప్రతి పిల్లాడికీ రాయించుకోవాల్సిన పరీక్ష కాదు.